తూటాలు నింపిన చెయ్యి

"వొదినా, ఆ మందు నువ్వే గదా నింపినావు? నాకొక్కడికే సెప్పు. ఇంకెవుళికీ సెప్పను."

"నాను ముట్టుకోనేదు మరిదీ."

"అలాగే వొదినా. నువ్వు ముట్టుకోనేదు."

మీ నాన్నా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివి అమ్మీ. ముందు ఇవి రాయి. తర్వాతే మిగతాది. రబ్బరు తోట కూలీల వరస గదుల లైన్లలో మా గది గుమ్మం ముందు, మూట భుజాన వేసుకుని నిలబడి అడిగాడు. నేను గడప లోపల కూర్చుని, ముసుగు తియ్యకుండా జవాబు చెప్పాను. నింపింది నేనేనని అతనికి తెలుసు. తెలిసే అడిగాడు. నేను అబద్ధమాడానని తెలిసే ‘అలాగే’ అన్నాడు. ఆ ‘అలాగే’ని మోస్తున్నాను ఇన్నాళ్ళూ. నీకిప్పుడు పదిహేడేళ్ళు. నా అబద్ధానికి నీకంటే రెండేళ్ళు ఎక్కువ.

నాకు చదువు రాదు. తోట ఆఫీసు కాగితం మీద వేలిముద్ర వేస్తాను, అంతే. నా గొంతు ఇలా గరగరమంటుంది, పొగ గదిలో రబ్బరు ఆరేసీ ఆరేసీ పాడయింది. వినబడకపోతే అడుగు. నువ్వు కౌలాలంపూర్ బళ్ళో నేర్చుకున్న భాషలో దీన్ని సరిచేసి రాస్తావని తెలుసు, రాసుకో. కానీ మనుషులన్న మాటలు మాత్రం వాళ్ళెలా అన్నారో అలాగే రాయి. వాటిని దిద్దకు. నా పేరు రాయకు. పేరు రాస్తే నాకు నోరు పెగలదు. మీ నాన్న పేరు రాయి. సింహాచలం. మీ పెదనాన్న పేరు రాయి. అప్పలస్వామి. నేనాయన్ని మావ అని పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను.

ఒక్క షరతు. మధ్యలో కలం కింద పెట్టకూడదు. నా మొహం వైపు చూడకూడదు. చూశావంటే నేను ఆపేస్తాను. పంతొమ్మిదేళ్ళుగా ఆపేస్తూనే ఉన్నాను కదా.

మొన్న నువ్వు కౌలాలంపూర్ నుంచి మీ నాన్న రేకు పెట్టె తెచ్చి విప్పావు. ఆయన పోయి నెల కూడా కాలేదు. రెండు చొక్కాలు, దుప్పటి, అడుగున గుడ్డలో చుట్టిన ఇనప వస్తువు. "పెద్దమ్మా, ఇది అడకత్తెరేటి? దీనికి పదునే లేదు" అన్నావు. నేను చేతిలోకి తీసుకోలేకపోయాను. అది అడకత్తెర కాదమ్మీ. తుపాకీ గుండ్లు పోసే అచ్చు. రెండు పిడులు, మూస్తే మధ్యలో బొటనవేలి కొనంత గుంత. అది ఎక్కడో పోయిందనుకున్నాను. మీ నాన్న తీసుకెళ్ళి ఇన్నేళ్ళూ దాచాడని నాకేం తెలుసు?

అదే సాయంత్రం నువ్వు కుళాయి దగ్గర్నుంచి ఖాళీ బిందెతో తిరిగొచ్చావు. "అన్నని సంపినోడి కూతురివి నువ్వేనేటి" అని ఎవరో అన్నారట. "నిజమేనా పెద్దమ్మా?" అని అడిగావు. నేను అన్నం వార్చుతూ ఊరుకున్నాను. చూడు, అప్పుడు కూడా ఊరుకున్నాను.

నిజం కాదు. మీ నాన్న కాదు. అది నేను.

ఇక్కడ ఆగకు, రాయి.

సుంగై పెటానికి అవతల, అప్పట్లో అడవి అంచున ఉండేది ఈ తోట. కొత్తగా నాటిన రబ్బరు మొక్కల్ని అడవి పందులు వేళ్ళతో సహా తవ్విపోసేవి. వాటిని కొట్టడానికి దొర మావకి ఒక పాత తుపాకీ అప్పగించాడు. ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే రకం. ఆ దొరకి ఒకప్పుడు తన తూటాలు తనే తయారు చేసుకునే సరదా ఉండేది. కొత్త తుపాకీ కొన్నాక అది పోయింది. అచ్చూ, గరిటే, తుపాకీ మందు కొలిచే చిన్న గిన్నే, కాల్చేసిన ఇత్తడి తొడుగులూ అన్నీ ఒక టీ పెట్టెలో పడేసి మావకి ఇచ్చేశాడు. దొరకి పొద్దుపోక చేసిన పని మావకి పిచ్చి అయి కూర్చుంది.

ఆదివారం పనికి వెళ్ళక్కర్లేదు. అందరి ఇళ్ళ ముందూ కోడికూర వాసన వచ్చేది, మా ఇంటి ముందు సీసం వాసన. టీ పెట్టెల లోపల అతికించే సీసం రేకులు, మలాయి జాలరుల దగ్గర అడిగి తెచ్చిన, వలలకి కట్టే సీసం గుళ్ళు గరిటెలో వేసి నిప్పుల మీద పెట్టేవాళ్ళు అన్నదమ్ములిద్దరూ. సీసం కరిగి అద్దంలా అయ్యేది. కొవ్వొత్తి ముక్క వేస్తే మంట లేచి, మురికి పైకి తేలేది. దాన్ని చెంచాతో తీసి పారేసి, అచ్చుని దీపం పొగలో నల్లగా పట్టి, అప్పుడు పోసేవాడు మావ. మొదటి రెండు మూడు గుండ్లు ముసలి మొహంలా ముడతలు పడి వచ్చేవి. అచ్చు వేడెక్కాలి కదా. వాటిని మళ్ళీ గరిటెలోకే వేసేవాడు. తర్వాతవి నున్నగా, వెండిలా గోనెపట్టా మీద పడేవి. మావ ఒక్కొక్కటీ ఎండకి తిప్పి చూసుకునేవాడు. నన్ను అలా ఎప్పుడైనా చూశాడా? ఏమో.

"ఒరే సింవాచలం, ఒక్క నీటిబొట్టు పడిందంటే ఈ సీసం నీ మూతి మీదకి లెగుస్తాది. దూరం జరుగు."

"ఈ మూతిని సూసి ఒక్క గుంటా పెళ్ళికి ఒప్పట్నేదు గదా అన్నియ్యా. ఇంకేటి పాడవుద్ది?"

"ఉన్నదాన్నైనా మిగుల్సుకోరా ఎదవా!"

నేను లోపల కూర తిప్పుతూ నవ్వుకునేదాన్ని. ఇది కూడా రాయి. మీ నాన్న బాగా నవ్వించేవాడు. నీకు ఊహ తెలిసేసరికి నవ్వించడం మానేశాడేమో.

గుండ్లు పొయ్యడం వాళ్ళ పని. తొడుగుల్లో మందు నింపడం నా పని. ఇది లైన్లలో ఎవరికీ తెలియదు. మొదట్లో మీ నాన్నే నింపేవాడు. తర్వాత మలేరియా పట్టుకుంది, చేతులు వణికేవి. మావకి తొందరెక్కువ. నా చెయ్యి కుదురు. కానీ ఆడది నింపిన తూటా గురి తప్పుతుందని అక్కడి మగాళ్ళ నమ్మకం. మావ అది నమ్మలేదు, నవ్వుతారని మాత్రం భయపడ్డాడు. అందుకని తలుపు మూసి నింపేదాన్ని. పీట మీద ఖాళీ తొడుగులు బోర్లా వరుసగా ఉండాలి. ఒక్కొక్కటే తిప్పి, గిన్నెతో కొలిచి మందు పోసి, దొర పాత టోపీలోంచి కోసిన ఉన్ని బిళ్ళ పైన పెట్టి మూసెయ్యాలి. ఆ తర్వాత మావ గుండు నొక్కి, మైనం రాసేవాడు. మందు పోస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. మాటల్లో పడితే ఒకే తొడుగులో రెండుసార్లు పడుతుంది, తుపాకీ పగులుతుంది. అది మావ నియమం.

ఇంకో నియమం కూడా ఉంది. దాని దగ్గరికి వస్తాను. దానికి భయపడే ఇంత చుట్టూ తిరుగుతున్నాను.

ఒకసారి దొర మావని మెచ్చుకున్నాడట, తూటాలు భలే కాలుతున్నాయి, ఎవరు నింపుతున్నారు అని. మా తమ్ముడు అని చెప్పాడట మావ. ఇంటికొచ్చి అదేదో తమాషాలా నాకు చెప్పాడు. నేను నవ్వలేదు. నా చేతి పనికి వచ్చిన మెప్పు మీ నాన్నకి పోయింది. చిన్న విషయమే కదా? అవును, చిన్నదే. అయినా అది నాలో ఉండిపోయింది.

ఆ ఏడు పులి వచ్చింది. లైన్ల వెనక కట్టేసిన ఆవుని ఈడ్చుకుపోయింది. సోమవారం మంచె కట్టించి కూర్చుంటాననీ, పక్కన మావ ఉండాలనీ దొర చెప్పాడు. ఆదివారం పొద్దున్న బంగళా వెనక మట్టిగట్టు దగ్గర ఇద్దరూ గురి చూసుకోవాలి. నేను వెళ్ళొద్దన్నాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"నాను పులిని కొడతానన్నానేటే? దొర కొడతాడు. నాను పక్కన కూకుంటాను."

"కూకున్నోడినే పట్టుకెళ్తాది అది."

"పట్టుకెళ్తే నీకు ఆదోరాలు సుకం గదేటి, సీసం వాసనుండదు."

నవ్వుతూనే అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో, నా మనసులో ఉన్నది ఎలా పట్టుకున్నాడో.

శనివారం మధ్యాహ్నం పన్నెండు తొడుగులు పీట మీద బోర్లా పెట్టాను. మావని బంగళాకి రమ్మని కబురొస్తే వెళ్ళాడు. మీ నాన్న జ్వరంతో పక్క గదిలో మూలుగుతున్నాడు. నేను తలుపు మూసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎనిమిదింటిలో మందు పోశాను. తర్వాత పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి, రోట్లో నూరి, మిగతా నాలుగింటిలో అది పోశాను. తుపాకీ మందూ బొగ్గుపొడీ పక్కపక్కన పెడితే నాకే తేడా తెలియలేదు. పైన ఉన్ని బిళ్ళలు పెట్టి మూసేశాను. మావ వచ్చి గుండ్లు నొక్కాడు. "బాగా నింపినావే" అన్నాడు. రోలు కడిగాను.

ఎందుకు చేశానో చెబుతాను. దొర ముందు తుపాకీ పేలకూడదు. అదే నా ఆలోచన, అంతకు మించి లేదు. మందు లేకపోతే పేలదు, పేలకపోతే ప్రమాదం లేదు అనుకున్నాను. అందరూ నవ్వుతారు. ఈ మనిషిని నమ్ముకుని పులి దగ్గరికి వెళ్ళకూడదని దొర అనుకుంటాడు, తుపాకీ వెనక్కి తీసుకుంటాడు. మావ ప్రాణంతో ఉంటాడు, ఆదివారాలు ఇంట్లో ఉంటాడు. పన్నెండూ బొగ్గుతో నింపితే దొరికిపోతానని నాలుగే నింపాను. ఎంత తెలివో చూడు. ఆ తెలివే చంపింది.

భయంతో చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. భయం నిజమే. కానీ వాళ్ళు మావని చూసి నవ్వే నవ్వుని నేను ముందే చెవుల్లో విన్నాను, విని కాస్త సంతోషపడ్డాను కూడా. నా చేతి పనిని తమ్ముడి పేరున చెప్పినందుకు ఆ నవ్వు సరిపోతుందనుకున్నానా? అనుకున్నాను. రాయి. అనుకున్నాను.

ఇప్పుడు ఆ రెండో నియమం. మావ మీ నాన్నకి నూరిపోసేవాడు. "పెద్ద సప్పుడు రాకుండా టప్ మన్నాదనుకో, తుపాకీ దించీయాల. గొట్టంలో కడ్డీ పెట్టి సూడాల. గుండు మజ్జిలో ఇరుక్కుపోయుంటాది. దాని ఎనకాల ఇంకోటి కాల్సినావంటే గొట్టం మన మొకం మీదే పగులుతాది." తూటా అడుగున, దెబ్బ తగిలితే నిప్పు రేపే చిన్న రాగి టోపీ ఉంటుంది. మందు లేకపోయినా ఆ టోపీ ఒక్కటే గుండుని గొట్టంలోకి కాస్త తోస్తుంది. ఇది ఆయన పదిసార్లు చెప్పాడు, మా గుమ్మం ముందే చెప్పాడు. నేను లోపలే ఉన్నాను. విన్నానా? చెవిన పడింది. అర్థమైందా? మగాళ్ళ మాటలు కదా అని వదిలేశానా? లేక ఆ శనివారం గుర్తొచ్చి కూడా, మావకి కడ్డీ సంగతి తెలుసు, ఆయనే చూసుకుంటాడు అనుకున్నానా? నాకు తెలియడం లేదమ్మీ. ఒట్టు. ఒకరోజు గుర్తు రాలేదనిపిస్తుంది, ఇంకోరోజు వచ్చిందనిపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువ నన్ను తినేది ఇదే.

ఆదివారం పొద్దున్న నేను కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. బంగళా గట్టు అక్కడికి దూరం, కానీ చప్పుడు వినబడుతుంది. మొదటిది పేలింది. రెండోది పేలింది. తర్వాత ఏమీ లేదు. బట్ట పిండడం ఆపి విన్నాను. ఏమీ లేదు. అంటే నా బొగ్గు పనిచేసింది. ఇప్పుడు నవ్వుతుంటారు. ఇంటికొచ్చాక ఏం అనాలో కూడా అనుకున్నాను, పోనీలే మావా, మందు తడిసుంటాది అనాలని. ఆ కాసేపు నేను సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆ రోజు ఎండ కూడా గుర్తుంది.

అప్పుడు మూడో చప్పుడు. ముందు రెండిట్లా లేదు.

అక్కడ జరిగింది తర్వాత మీ నాన్న అందరికీ చెప్పాడు. జ్వరం తగ్గక తూలుతూనే అన్న వెనకాల వెళ్ళాడతను. టప్ మందట. దొర నవ్వాడట, గుమాస్తా నవ్వాడట, తూటాలు మోసుకొచ్చినవాళ్ళు కూడా నవ్వారట. మావ మొహం ఎర్రబడిందట. "అన్నియ్యా, కడ్డీ" అన్నాడట మీ నాన్న. మావ వినలేదు. గబగబా ఇంకో తూటా పెట్టి భుజానికి ఆనించాడు. ఎప్పుడూ కడ్డీ మరవని మనిషి. నవ్వుకి మరిచాడు. ఆ నవ్వు నేను పెట్టించిందే కదా. బొగ్గు ఒక్కటే అయితే చచ్చేవాడు కాదేమో. సిగ్గు తోడైంది.

ఎడ్లబండి మీద ఆసుపత్రికి తీసుకెళ్తూంటే దారిలోనే పోయాడు. మీ నాన్నకి ఎడమ చెవి పోయింది. నీకు తెలుసుగా, పిలిస్తే మొహం ఇటు తిప్పేవాడు.

మర్నాడు ఆఫీసు అరుగు ముందు అందర్నీ నిలబెట్టారు. ఎవరో మందు సరిగ్గా కొలిచి పొయ్యలేదు, అందుకే పగిలింది అన్నాడు దొర. మిగిలిన తూటాలు విప్పి చూడలేదు. చూసుంటే బొగ్గు కనబడేది. ఎవరు నింపారని అడిగాడు. అందరూ మీ నాన్న వైపు చూశారు. దొరకి మావే చెప్పి ఉన్నాడు కదా, మా తమ్ముడని. మీ నాన్న ఆడవాళ్ళలో నిలబడ్డ నా వైపు చూశాడు. ఆ శనివారం తలుపు మూసి కూర్చుంది నేనేనని అతనికి తెలుసు. వదిన పొరపాటున ఒకదాంట్లో మందు పొయ్యడం మరిచి ఉంటుంది అనుకున్నాడు. పాపం, అంతకంటే చెడ్డగా అనుకోవడం అతనికి చేతకాలేదు. నేను ముసుగు కిందికి లాక్కున్నాను.

"నానే నింపినాను దొరగారూ" అన్నాడు. "జొరంలో సెయ్యి వొణికినాది."

అదే రోజు తోట వదిలి పొమ్మన్నారు. వెళ్తూ నా గుమ్మం ముందు ఆగాడు. ఆ మాటలు మొదట్లోనే రాయించాను. నాకొక్కడికే సెప్పు అన్నాడు. నింద వదిలించుకోడానికి కాదు, అప్పటికే నెత్తిన వేసుకున్నాడు కదా. అన్న ఎలా పోయాడో తను ఒక్కడైనా తెలుసుకోవాలని అడిగాడు. అది కూడా ఇవ్వలేదు నేను. మెప్పు అతనికి పోతే కుళ్ళుకున్నదాన్ని, నింద పోతే నోరు మూసుకున్నాను.

ఇంకోటి ఉంది. దాటేద్దామనుకున్నాను. పదో రోజు ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని ఏడుస్తుంటే, ఒకావిడ "ఆడిని తిట్టవేటే, నీ పసుపు కుంకాలు తీసినోడిని" అంది. నేను తిట్టాను. "ఆడి సెయ్యి పడిపోను" అని గొంతు చించుకుని అరిచాను. లైన్లన్నీ విన్నాయి. చివరి రోజుల్లో మీ నాన్న కుడిచెయ్యి లేవలేదనీ, నువ్వే అన్నం తినిపించావనీ మొన్న చెప్పావు చూడు. ఆ రాత్రి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. తిట్టుకి అంత బలం ఉండదు అని నువ్వంటావు. ఉండదనే అనుకుందాం.

రెండేళ్ళు దాటాక కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒకాయనతో కబురంపాడు. పెళ్ళయింది, కూతురు పుట్టింది, వొదినకి దండాలు సెప్పమన్నాడు అని. నేను తిరిగి ఏ కబురూ పంపలేదు. ఏం పంపను? ఒక్క మాట పంపాలి. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. భయం. లైను గది పోతుందని, పోలీసులొస్తారని, అన్నిటికంటే మావ గురించి ఏడ్చే హక్కు పోతుందని. మొగుణ్ణి చంపినదాన్ని అని తెలిస్తే నాతో కూర్చుని ఎవరేడుస్తారు?

నువ్వు తల ఎత్తలేదు. మంచిది. కలం చప్పుడు వినబడుతోంది. ఇంకాస్త.

ఇప్పుడు మొదటికి వెళ్ళు. మీ నాన్న అడిగిన మాట ఉంది, దాని కింద నా జవాబు ఉంది. దాన్ని కొట్టెయ్యకు. అబద్ధం కూడా ఉండాలి. ఇక్కడ చివర ఇంకో జవాబు రాయి.

"అవును మరిదీ. నానే నింపినాను. నాలుగింట్లో బొగ్గు పోసినాను."

రాశావా? ఈ మాట పైకి అనడం ఇదే మొదలు. వినాల్సినవాడు నెల కిందటే పోయాడు. నువ్వు క్షమించాలని అడగను. నీకు ఆ అధికారం ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఒక్కటి చెప్పగలను, ఇన్నేళ్ళూ ‘సింహాచలం’ అనబోతే నా నాలుక మడత పడేది. ఇప్పుడు పడలేదు. రేపు నువ్వు కుళాయి దగ్గర, అందరూ నీళ్ళకొచ్చే వేళకి, ఈ కాగితం పైకి చదువు. నేను బిందె పట్టుకుని నీ పక్కనే నిలబడతాను.

కానీ ముందు నాకు వినాలి. నాకు అక్షరాలు రావు, నువ్వేం రాశావో నాకు తెలియదు. నా మీద జాలిపడి ఎక్కడైనా మార్చావేమోనని భయంగా ఉంది. మీ నాన్న కూతురివి కదా. ఏదీ, మొదట్నుంచీ చదివి వినిపించు.